బండి పక్కకు పెట్టమన్నాక: బెల్టు గురించి, తనిఖీ గురించి డ్రైవర్లతో కొన్ని మాటలు

(రోడ్డు భద్రతా మాసంలో విజయవాడలో జరిగిన కారు, క్యాబ్ డ్రైవర్ల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం ట్రిప్పులు మానుకుని ఇక్కడికి వచ్చారు. ఆ రెండు గంటల కిరాయి విలువ ఎంతో నాకు తెలుసు. మా తమ్ముడు కూడా క్యాబ్ నడుపుతాడు. అందుకే పనికొచ్చే మాటలే చెప్పాలని కాగితం మీద రాసుకుని వచ్చాను.

లోపలికి వచ్చేముందు బయట నిలబెట్టిన మీ బండ్లు ఒక్కొక్కటీ అద్దంలోంచి చూశాను. పద్దెనిమిది కార్లున్నాయి. అన్నీ కడిగి, తుడిచి శుభ్రంగా ఉన్నాయి. డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మలకు పూలు కూడా వాడిపోలేదు. అయితే వెనక సీటులో బెల్టు బకిల్ కనిపించింది మూడు కార్లలోనే. మిగతా పదిహేనింటిలో అది కొత్త సీటు కవర్ కింద నొక్కుకుపోయి ఉంది. బెల్టు పక్కన వేలాడుతోంది, పెట్టుకుందామన్నా దాన్ని గుచ్చే చోటు లేదు. ఈ సంగతి చివర్లో మళ్లీ మాట్లాడదాం.

నేను ప్రమాదాల నష్టపరిహారం కేసులు చూసే వకీలుని. ఈ పనిలోకి ఎందుకు వచ్చానో చెప్తే తక్కిన మాటలు మీకు తేలిగ్గా అర్థమవుతాయి. పదహారేళ్ల కిందట మా చిన్న మామయ్య ఒక పెళ్లి చూసుకుని హనుమాన్ జంక్షన్ వైపు నుంచి కారులో ఇంటికి వస్తున్నాడు. ముందు సీట్లలో ఇద్దరు, వెనక ఆయనొక్కడు. తెల్లవారుజామున రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీని కారు గుద్దింది. ముందున్న ఇద్దరూ బెల్టు పెట్టుకున్నారు. ఒకరికి చెయ్యి విరిగింది, ఒకరికి కుట్లు పడ్డాయి. మామయ్య వెనక సీటులోంచి ఎగిరి, ముందు రెండు సీట్ల సందులోంచి వెళ్లి అద్దానికి కొట్టుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడు. "వెనక కూర్చున్నాడు కదా, ఆయనకేమవుతుంది" అని ఆ రాత్రి ఫోన్‌లో ఎవరో అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాట తప్పని మీలో ప్రతి ఒక్కరికీ చెప్పాలనే వచ్చాను.

లెక్క చెప్తాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు దేన్నయినా గుద్ది ఆగిపోయిందనుకోండి. కారు ఆగుతుంది, లోపలి మనిషి ఆగడు. అదే వేగంతో ముందుకు వెళ్తూనే ఉంటాడు. ఆ వేగంతో డాష్‌బోర్డుకో ముందు సీటుకో తగలడమంటే, సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడటంతో సమానం. అంటే నాలుగంతస్తుల డాబా మీంచి. 80 వేగమైతే అది 25 మీటర్లు. నాలుగంతస్తుల మీంచి దూకుతూ చేతులు ముందుకు పెట్టి ఆపుకుంటానని ఎవరూ అనరు. కారులో మాత్రం "స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటాంలే" అంటాం.

ఇప్పుడు మనం పెట్టుకుంటున్న మూడు పాయింట్ల బెల్టును 1959లో స్వీడన్‌లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడు. అంతకుముందు ఎక్కువగా నడుముకు మాత్రమే ఉండేది. ఆయన చేసింది భుజం మీంచి, నడుము మీంచి వచ్చి ఒకే చేత్తో బిగించుకునే బెల్టు. పేటెంటు తమ చేతిలో ఉన్నా ఆ కంపెనీ మిగతా కంపెనీలను కూడా దాన్ని వాడుకోనిచ్చింది. బెల్టు చేసే పని ఇంతే: గుద్దుకున్నప్పుడు పడే బలాన్ని రొమ్ము ఎముక, భుజం ఎముక, తుంటి ఎముకల మీదికి పంచుతుంది. మన ఒంట్లో దెబ్బకు తట్టుకునే గట్టి చోట్లు అవే. అందుకే నడుము పట్టీ పొట్ట మీద కాకుండా కిందుగా తుంటి మీద ఉండాలి. గర్భంతో ఉన్న ఆడవాళ్లు మీ బండి ఎక్కితే ఈ సంగతి మర్యాదగా చెప్పండి. కింది పట్టీ కడుపు కిందుగా, పై పట్టీ రొమ్ముల మధ్యగా పక్కకు రావాలి. బెల్టు కడుపులో బిడ్డకు ప్రమాదమనుకుని చాలామంది తీసేస్తారు. తీసేస్తేనే ఇద్దరికీ ప్రమాదం.

"ఎయిర్‌బ్యాగ్ ఉందిగా మేడమ్" అంటారు కొందరు. ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడుగా పనిచేసేలా తయారైన వస్తువు. రెప్పపాటుకంటే తక్కువ సమయంలో పేలినట్టు విచ్చుకుంటుంది. బెల్టు లేని మనిషి అప్పటికే ముందుకు వంగి ఉంటే అది నేరుగా మొహానికి, మెడకు కొడుతుంది. బెల్టు పెట్టుకోకుండానే అలారం మోగకుండా చేసే క్లిప్పులు మీకు తెలుసు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ కంపెనీలకు వీటిని అమ్మవద్దని ఆదేశాలిచ్చింది. అప్పుడు తీసేసిన అమ్మకపు ప్రకటనలు 13,118. ఒక్క చిన్న రేకు ముక్కకు అన్ని ప్రకటనలు! మీ బండిలో అలాంటి క్లిప్పు ఉంటే ఇవాళే తీసేయండి, మీ పిల్లల మీద ఒట్టు.

పేర్లు చెప్పాలంటే బాధగా ఉంటుంది, అయినా చెప్పాలి. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ దగ్గర శోభా నాగిరెడ్డి గారి కారు రాత్రిపూట రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్పలను తప్పించబోయి పల్టీ కొట్టింది. ఆమె బయటికి పడిపోయారు. బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నందమూరి హరికృష్ణ గారు స్వయంగా కారు నడుపుతూ ప్రమాదంలో పోయారు. ఆయనా బెల్టు లేకనే బయటికి పడ్డారని పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్ర పాల్ఘర్ జిల్లాలో టాటా గ్రూపు మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు వంతెన గోడను గుద్దింది. మంచి ఖరీదైన కారు అది. వెనక బెల్టు లేకుండా కూర్చున్న ఆయన, ఆయన పక్కనున్న మనిషి చనిపోయారు. ముందున్న ఇద్దరు బతికారు. మా మామయ్య కారులో జరిగిందే అక్కడా జరిగింది. తేడా కారు ఖరీదులోనే.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్లలో బెల్టు పెట్టుకోని వాళ్లు 16,715 మంది. వీళ్లలో డ్రైవర్లు 8,384, పాసింజర్లు 8,331. సగం సగం, చూశారా. బెల్టు డ్రైవరు సంగతే అనుకునే వాళ్లకు ఈ రెండు అంకెలు చాలు.

ఇప్పుడు చట్టం. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 138వ నియమం ఉంది. బండి కదులుతున్నంతసేపు డ్రైవరు, పక్క సీటు మనిషి, వెనక సీట్లలో ముందువైపుకు తిరిగి కూర్చునే వాళ్లు అందరూ బెల్టు పెట్టుకోవాలని అందులో రాసి ఉంది. వెనక వాళ్ల సంగతి మిస్త్రీ గారు పోయాక కొత్తగా చేర్చిందని చాలామంది అనుకుంటారు. ఆ మాట పుస్తకంలో అంతకు ముందునుంచే ఉంది, పట్టించుకోవడమే అప్పుడు మొదలైంది. శిక్ష సంగతి మోటారు వాహనాల చట్టంలో, 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్‌లో ఉంది. అంతకుముందు వంద రూపాయలుండే జరిమానా వెయ్యి అయింది. ఆ సెక్షన్‌లో మీరు జాగ్రత్తగా వినాల్సిన ముక్క ఒకటుంది. బెల్టు పెట్టుకోకుండా నడిపేవాడితో పాటు, బెల్టు పెట్టుకోని పాసింజర్లను తీసుకెళ్లేవాడికీ అదే శిక్ష. అంటే వెనక కూర్చున్న పెద్దమనిషి బెల్టు పెట్టుకోకపోతే చలానా పడేది మీ మీద. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ, వాళ్లకు తగిన సీటు గానీ లేకపోతే అందుకు వేరే వెయ్యి.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. ముందు సీటులో తల్లి ఒళ్లో పది కిలోల పాప ఉందనుకోండి. బండి 50 వేగంలో గుద్దుకుని, ఉన్నట్టుండి అర మీటరు దూరంలో ఆగింది. ఆ క్షణంలో ఆ పాప రెండు క్వింటాళ్ల బరువైపోతుంది. డెబ్బై ఐదు కిలోల ధాన్యం బస్తాలు రెండున్నర పైన. ఆ బరువును చేతుల్లో ఆపగలిగే తల్లి ఈ భూమ్మీద లేదు. ఎంత ప్రేమ ఉన్నా ఆపలేదు. పిల్లల్ని వెనక కూర్చోబెట్టి కట్టండి.

సరే, రెండో సంగతికి వస్తాను. దీని కోసమే మీలో ఎక్కువమంది వచ్చారని తెలుసు.

మా తమ్ముడిని ఒకసారి రాత్రి పదకొండింటికి ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపారు. ఎక్కడో చెప్పను. బెల్టు పెట్టుకోలేదు, తప్పు వాడిదే. కానీ తర్వాత జరిగింది వేరు. ఒకాయన కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తీసేసుకున్నాడు. లైసెన్సు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, దానికి కాగితం ఇవ్వలేదు. వెనక పాసింజరు విమానానికి టైమైపోతోందని గోల. చివరికి పన్నెండు వందలు చేతిలో పెట్టి బయటపడ్డాడు. రసీదు లేదు. పది రోజులకు నాతో అన్నాడు: "అక్కా, నేను బెల్టు పెట్టుకోలేదు కదా, ఇంకేం మాట్లాడతాను?" వాడి తప్పు వాడి నోరు కట్టేసింది. రోడ్డు మీద మన హక్కులు పోయేది చాలాసార్లు ఇలాగే. తప్పు చేశామని తెలిసి, ఎంతవరకు చేశామో తెలియక, ఎదుటివాడు ఎంతంటే అంత ఒప్పేసుకుంటాం.

బెల్టు పెట్టుకోకపోవడం వెయ్యి రూపాయల తప్పు. అంతకు మించినది కాదు. ఆ తప్పుకు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్నది చట్టం విడివిడిగా రాసి పెట్టింది. వరసగా చూద్దాం.

ముందు ఆగాలి. ట్రాఫిక్ నడిపించే పోలీసు ఇచ్చిన సూచన పాటించాలని 119వ సెక్షన్ చెప్తుంది. పాటించకపోతే 179 కింద రెండు వేల జరిమానా. ఆపమన్నప్పుడు తప్పించుకుని పోవడం, పక్క సందులోకి తిప్పడం వద్దు. చెయ్యి ఊపారంటే పక్కకు పెట్టి, ఇంజను ఆపి, లోపలి లైటు వేయండి. రాత్రయితే మరీ. ఆ లైటు వల్ల వాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. చీకట్లో ఎవరి బండిలో ఏముందో తెలియక వాళ్లూ భయంతోనే దగ్గరికి వస్తారు.

తర్వాత కాగితాలు. యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా లైసెన్సు చూపించాలని 130వ సెక్షన్ అంటుంది. 'యూనిఫాంలో' అన్న మాట చట్టంలోనే ఉంది. మామూలు బట్టల్లో వచ్చి అడిగితే "సార్, మీ గుర్తింపు కార్డు చూపించండి" అనడం మీ హక్కు, అది మర్యాదగా అనవచ్చు. చూపించడమంటే చేతికి ఇచ్చి వదిలేయడం కాదు. 2018 నవంబరు నుంచి 139వ నియమం ప్రకారం లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, పర్మిటు అన్నీ ఫోన్‌లో చూపించవచ్చు. డిజీలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో దేంట్లో ఉన్నా అది అసలు కాగితంతో సమానం. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నది మాత్రం లెక్కలోకి రాదు. ఇక్కడ చాలామంది పొరపడతారు, ఇవాళ ఇంటికెళ్లి ఆ యాప్‌లోకి ఎక్కించుకోండి. 2020 అక్టోబరు 1 నుంచి ఇంకో మార్పు వచ్చింది. అధికారి తన దగ్గరున్న మెషీన్‌లో మీ కాగితాలు సరిచూసుకుంటే మళ్లీ అసలువి అడగకూడదు. తనిఖీ చేసిన తేదీ, సమయం, అధికారి వివరం పోర్టల్‌లో ఎక్కాలి. ప్రతి టోల్‌గేట్ దగ్గరా మళ్లీ మళ్లీ ఆపకుండా ఉండాలనే ఆ నియమం తెచ్చారు. ఏదైనా కాగితం ఆ సమయానికి దగ్గర లేకపోతే పదిహేను రోజుల్లోపు చూపించుకునే వీలు కూడా అదే నియమంలో ఉంది.

లైసెన్సు తీసేసుకోవచ్చా? ఇదే పెద్ద ప్రశ్న. 206వ సెక్షన్ ప్రకారం, కాగితం దొంగదని అనుమానం ఉంటేనో, కేసు పెట్టిన డ్రైవరు సమన్లకు దొరకకుండా పోతాడని నమ్మే కారణం ఉంటేనో తీసుకోవచ్చు. 2019లో దానికి నాలుగో ఉపసెక్షన్ చేర్చారు. ఓవర్‌స్పీడ్, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, హెల్మెట్ లేకపోవడం, అంబులెన్స్‌కు దారివ్వకపోవడం వంటి కొన్ని తప్పులకు లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపాలని అందులో ఉంది. ఆ జాబితా చదవండి. సీటు బెల్టు సెక్షన్ 194బి అందులో లేదు. మా తమ్ముడి లైసెన్సు ఆ రాత్రి జేబులోకి వెళ్లడానికి చట్టంలో దారి లేదన్నమాట. తీసుకున్నా దానికి తాత్కాలిక రసీదు ఇవ్వాలి. ఆ రసీదు చేతిలో ఉంటే లైసెన్సు తిరిగి వచ్చేదాకా బండి నడుపుకోవచ్చు. లైసెన్సు సస్పెండ్ చేయడం వేరే సంగతి, అది లైసెన్సింగ్ అధికారి పని. ఓవర్‌స్పీడ్ కేసులో ఒక పోలీసు అధికారి తానే లైసెన్సు సస్పెండ్ చేస్తే కలకత్తా హైకోర్టు 2022లో దాన్ని కొట్టేసింది.

బండి ఆపేయడం 207వ సెక్షన్. లైసెన్సు లేకుండా, మైనరు నడుపుతూ, రిజిస్ట్రేషన్ లేకుండా, పర్మిటు లేకుండా లేదా పర్మిటు షరతు తప్పి నడిపితేనే. పర్మిటు సంగతి క్యాబ్ వాళ్లకు ముఖ్యం, తేదీలు చూసుకోండి. బెల్టు లేదని బండి స్టేషన్‌కు తీసుకెళ్లే వీలు ఆ సెక్షన్‌లో లేదు. తాళం లాక్కోవచ్చని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా రాసి లేదు. నేను అన్ని సెక్షన్లూ చదివే చెప్తున్నాను. తాళం మీద చెయ్యి వేస్తే గుంజుకోకండి, చెయ్యి పట్టుకోకండి. "సార్, చలానా రాయండి, తాళం మాత్రం ఇవ్వండి" అనండి. రెండుసార్లు, మూడుసార్లు, గొంతు పెంచకుండా అనండి. పేరు, స్టేషను, సమయం గుర్తుపెట్టుకోండి. మర్నాడు పై అధికారికి రాసిచ్చే ఫిర్యాదు రోడ్డు మీద అరుపుల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

డబ్బు సంగతి. చలానా కట్టడమంటే కేసును రాజీగా ముగించుకోవడం. దానికి 200వ సెక్షన్, ఎంత కట్టాలో, ఏ హోదా అధికారి తీసుకోవచ్చో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 అక్టోబరులో తన పట్టిక విడుదల చేసింది. హైదరాబాద్ ట్రిప్పుకు వెళ్తే అక్కడి మొత్తం వేరుగా ఉండవచ్చు. రాజీ అంటే మీ ఇష్టం ఉండాలి కదా. తప్పు చేయలేదనుకుంటే కట్టకుండా కోర్టుకు వెళ్తానని చెప్పే హక్కు మీకుంది. అప్పుడు మేజిస్ట్రేటు తేలుస్తారు. చాలాసార్లు మీరు నిజంగానే తప్పు చేసి ఉంటారు, అప్పుడు కట్టేయండి. కానీ మెషీన్‌లో పడాలి, రసీదు రావాలి. రసీదు లేని డబ్బు లంచం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చానంటే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. 1064 అవినీతి నిరోధక శాఖ నంబరు, ఫోన్‌లో పెట్టుకోండి. మా తమ్ముడి పన్నెండు వందల సంగతి నాకు పదో రోజున తెలిసింది. అది నన్ను ఇంకా బాధిస్తుంది.

కెమెరా చలానాలకు 2021 ఆగస్టులో 167ఎ నియమం చేర్చారు. నోటీసు పదిహేను రోజుల్లోపు పంపాలని, దానితో పాటు ఫొటో రుజువు ఉండాలని అందులో రాశారు. ఫొటోలో నంబరు మీ బండిదేనా, బెల్టు నిజంగా లేదా అని చూసుకోండి. నల్ల చొక్కా మీద నల్ల బెల్టు కెమెరాకు కనపడక చలానా వచ్చిన కేసులు నా దగ్గరికే వచ్చాయి. అలాంటప్పుడు ఊరికే కట్టేయకుండా అభ్యంతరం పెట్టండి.

అరెస్టు. 202వ సెక్షన్ కింద వారంటు లేకుండా అరెస్టు చేయగలిగింది ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, అనుమతి లేకుండా వేరేవాళ్ల బండి తీసుకుపోవడం, ఈ మూడింటికే. బెల్టుకు అరెస్టు లేదు. ఒక్క మినహాయింపు ఉంది, అది గుర్తుంచుకోండి. ఈ చట్టం కింద ఏ తప్పు చేసినవాడైనా పేరు, చిరునామా చెప్పనని మొండికేస్తే అరెస్టు చేయవచ్చు. కోపం వచ్చి "నా పేరు నీకెందుకు" అన్నారో, వెయ్యి రూపాయల తప్పు కాస్తా అరెస్టు దాకా పోతుంది. పేరు చెప్పండి. ఊరు చెప్పండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లో వాళ్లకు కబురు పెట్టాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇవి రాజ్యాంగం 22వ అధికరణంలోనూ, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉన్నాయి.

మీలో కొందరి పిల్లలు అమెరికాలో ఉన్నారు, వాళ్లకు చెప్పడానికి ఒక సంగతి. 1997లో టెక్సాస్‌లో లాగో విస్టా అనే చిన్న ఊళ్లో ఒక తల్లి ఇద్దరు చిన్నపిల్లలతో ట్రక్కు నడుపుతోంది. ముగ్గురికీ బెల్టు లేదు. అక్కడ ఆ తప్పుకు జరిమానా యాభై డాలర్లే. కానీ పోలీసు ఆమె చేతులకు బేడీలు వేసి తీసుకెళ్లి గంటసేపు జైలు గదిలో పెట్టాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2001లో ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలిచి, ఆ అరెస్టు రాజ్యాంగానికి వ్యతిరేకం కాదని తేల్చారు. దాన్నే ఎట్‌వాటర్ కేసంటారు. అంతకుముందు 1977లో మిమ్స్ కేసులో, ఆపిన డ్రైవర్ని కారు దిగమని పోలీసు ఆదేశించవచ్చని కూడా అదే కోర్టు చెప్పింది. కాబట్టి అక్కడ ఆపితే మన అలవాటు ప్రకారం గబగబా దిగి వాళ్ల దగ్గరికి నడవకూడదు. కారులోనే కూర్చుని చేతులు స్టీరింగ్ మీద కనపడేలా ఉంచాలి, దిగమంటేనే దిగాలి. బెల్టుకు అరెస్టు చేసే ఈ ఒక్క విషయంలో మన చట్టం డ్రైవరుకు వాళ్లకంటే ఎక్కువ రక్ష ఇచ్చింది. ఆ రక్ష ఉందని మనకే తెలియదు.

తాగి నడపడం గురించి నేను ఎవరినీ వెనకేసుకురాను. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారికే ఆరు నెలల జైలు గానీ, పది వేల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బ్రీత్ ఎనలైజర్‌లో ఊదనంటే అరెస్టు చేసే అధికారం వాళ్లకుంది. అలా అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలేయాలి. బండి సంగతి తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో స్పష్టం చేసింది. తాగినవాడికి బండి ఇవ్వకూడదు, కానీ పక్కన తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే అతనికి అప్పగించాలి. ఎవరూ లేకపోతే బంధువులను పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్‌కు తరలించాలి. హైదరాబాద్ రూటు తిరిగే ఓనర్లు ఇది గుర్తుపెట్టుకోండి.

వీడియో తీయవచ్చా అని ఎప్పుడూ అడుగుతారు. తీయకూడదని మోటారు వాహనాల చట్టంలో లేదు. కానీ ఫోను మొహానికి అడ్డం పెట్టి, దారికి అడ్డంగా నిలబడి పని సాగనివ్వకపోతే విధులకు ఆటంకం కేసు మీ మీదికి వస్తుంది. డాష్‌బోర్డు మీద కెమెరా ఉంటే అన్నింటికంటే మేలు. అది ఎవరితోనూ వాదించదు.

ఇంకో మాట. మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర మధ్యాహ్నం రెండింటికి నిలబడిన కానిస్టేబుల్‌ను చూడండి. బూట్ల కింద తారు మెత్తబడుతుంది. రోజంతా పొగ మింగుతూ, ప్రమాదం జరిగితే రోడ్డు మీద శవాన్ని లేపేది కూడా వాళ్లే. నేను చూసిన కేసుల్లో మంచి సాక్ష్యం చెప్పి కుటుంబాలకు పరిహారం ఇప్పించిన కానిస్టేబుళ్లున్నారు. హక్కు అడగడమంటే వాళ్లను శత్రువులుగా చూడటం కాదు. ఇద్దరికీ ఒకటే పుస్తకం. 210బి అనే సెక్షన్ ఉంది, తెలుసా? చట్టం అమలు చేసే వాళ్లే ఈ చట్టం కింద తప్పు చేస్తే వాళ్లకు రెట్టింపు జరిమానా. పోలీసు జీపులో బెల్టు పెట్టుకోని వాళ్లకు రెండు వేలు.

(సభలో ఒక డ్రైవరు: "మేడమ్, బెల్టు పెట్టుకోమంటే పాసింజరు రేటింగ్ తగ్గిస్తాడు. ఏం చేయమంటారు?")

మంచి ప్రశ్న, అన్నా. ఇది నిజమైన కష్టం. మా తమ్ముడు బండి కదిలించే ముందు ఒకే మాట అంటాడు: "సార్, వెనక బెల్టు లేకపోతే చలానా నాకు పడుతుంది, కొంచెం పెట్టుకోండి." తనకు నష్టమని చెప్తే చాలామంది పెట్టుకుంటారు. "మీ ప్రాణం కోసం" అంటే మాత్రం అంతగా వినరు. ఎందుకో నాకు తెలియదు, మనుషులు ఎదుటివాడి వెయ్యి రూపాయలకు జాలిపడినంతగా తమ ప్రాణానికి జాలిపడరు. వినని వాళ్లూ ఉంటారు. అప్పుడు కనీసం మీరు అడిగారు.

(మరొకరు: "ఊళ్లో రెండు కిలోమీటర్లకు కూడా అవసరమా?")

అవసరమే, తమ్ముడూ. ఇందాక చెప్పిన పాప లెక్క 50 వేగానిదే. ఊళ్లో ఏలూరు రోడ్డు మీద రాత్రిపూట అంతకంటే తక్కువలో వెళ్తున్నారా మీరు?

ఇక ఆపుతాను, టీ వచ్చేసింది. సంఘం వాళ్లతో మాట్లాడి కత్తెరలు నాలుగు, బ్లేడ్లు కొన్ని తెప్పించాను. టీ తాగాక బయటికి రండి, ఒక్కో బండి వెనక సీటు కవర్‌కు బకిల్ ఉన్నచోట గాటు పెట్టి బకిళ్లు పైకి లాగుదాం. పదిహేను బండ్లు, ఒక్కోదానికి ఐదు నిమిషాలు. కవర్ పాడవుతుందని ఎవరికైనా బాధగా ఉంటే నాకు చెప్పండి, కుట్టించే డబ్బు నేనిస్తాను.